మా తమ్ముని క్రొత్త వ్యాపారము

సోదరీమణులారా! ఇంటిలోని మగవారు క్రొత్త వ్యాపారము పెట్టుదుమని చెప్పినప్పుడు మనకు మొదట జ్ఞప్తికి వచ్చునది బియ్యపు డబ్బా. పిమ్మట మెడలోని గొలుసు. పూర్వము వ్యాపారమనగా బట్టల కొట్టో, బియ్యపు మరో, నూనె గానుగయో. వెళ్లి చూచినచో సరకు కంటికి కనబడెడిది. లాభమో నష్టమో ఇరుగుపొరుగువారు సైతము చెప్పగలిగెడివారు. ఇప్పుడు మన తమ్ములును, కుమారులును, కొన్ని యిండ్లలో కుమార్తెలును పెట్టుదుమనుచున్న వ్యాపారములలో చేతితో తాకి చూచుటకు సరకే లేదు. సరకును సాఫ్టువేరందురు; వ్యాపారమును స్టార్టప్పందురు. విని మనము తల యూపుదుము, లేదా కన్నీరు పెట్టుకొందుము. ఈ రెండును గాక మూడవ మార్గ మొకటి కలదని మాకీ సంక్రాంతికి తెలియవచ్చినది. అది కూర్చుండి, అడిగి, తెలిసికొనుట.

మా తమ్ముడు హైదరాబాదులో నొక కంపెనీయందు తొమ్మిదేండ్లుగా ప్రోగ్రామరు. పండుగకు భార్యను వెంటబెట్టుకొని మా యింటికి వచ్చెను. భోగినాటి రాత్రి భోజనములైన పిమ్మట, ఉద్యోగము మానివేసి సొంతముగా వెబ్బు సాఫ్టువేరు వ్యాపారము పెట్టదలచితిననియు, కూడబెట్టిన సొమ్ము చాలదు గనుక మరదలి బంగారమును బ్యాంకులో కుదువబెట్టెద ననియు చెప్పెను. మా అమ్మ చేతిలోని అరిసెల పళ్లెము క్రింద బెట్టి, "మీ బావగారు సరే యన్ననాడు నాకు చెప్పుము" అని లోనికి వెళ్లెను. మరదలు మాత్రము తలవంచుకొని తమలపాకులు తుడుచుచునే యుండెను.

మావారు బడిపంతులు. ఏ మాటయైనను తూచి చెప్పువారు. "విషయము తెలియక అవుననుటయు తప్పే, కాదనుటయు తప్పే. మూడు దినములు సెలవు లున్నవి గదా, మాకు బోధపరచుము" అనిరి. మాకు చదువన్న, తండ్రిగారు ఇంటివద్ద చెప్పిన భారత భాగవతములును, కొన్ని ప్రబంధములును. యంత్రవిద్య యెరుగము. అయినను వాడు ఓపికతో చెప్పెను. మేమును సిగ్గుపడక అడిగితిమి. ఆ మాటలలో మన పాఠకురాండ్రకు పనికివచ్చునని తోచినవి ఇక్కడ వ్రాయుచున్నాము.

ఆవకాయ విధానమువంటిది

సాఫ్టువేరనగా కంప్యూటరు చేయవలసిన పనిని మెట్టుమెట్టుగా వ్రాసిన ఆజ్ఞల వరుస. అత్తగారు క్రొత్తకోడలికి ఆవకాయ పెట్టు విధము చెప్పినట్లే, కాని ఇంకను నూరురెట్లు విడమరచి చెప్పవలెను. "ఉప్పు సరిపడ వేయుము" అన్నచో కోడలు గ్రహించును, యంత్రము గ్రహింపదు. ఎంత, ఎప్పుడు, జాడి నిండినచో నేమి చేయవలెను, ఉప్పే లేనిచో నేమి చేయవలెను అనునవన్నియు ముందుగనే వ్రాయవలెను. ఒక్కటి మరచినను పని చెడును.

ఈ విద్య మగవారి సొత్తని మేమనుకొంటిమి. వాడు నవ్వి, "అక్కయ్యా, మొదట ఈ పని చేసినవారు మీవారే" అనెను. అమెరికాలో 1946లో లోకమునకు చూపబడిన ఎనియాక్ అను మహాయంత్రమునకు ఆజ్ఞలు కూర్చినవారు ఆరుగురు స్త్రీలట. ఆ కాలమున యంత్రమునకు అంకెలతోనే చెప్పవలసి వచ్చెడిది. మనుష్యులు తమకు తెలిసిన గుర్తులతో వ్రాసినదానిని యంత్రమే అంకెలలోనికి మార్చుకొనవచ్చునని పట్టుబట్టి, 1952 నాటికి అట్టి సాధన మొకటి నిర్మించినది గ్రేసు హాపరు అను గణితవిదుషి. పిమ్మట ఆమె ఇంగ్లీషు మాటలతో ఆజ్ఞలు వ్రాయు పద్ధతిని తెచ్చెను. దాని ననుసరించియే 1959లో కోబాలు అను భాషకు రూపకల్పన మొదలయ్యెను. ప్రోగ్రామర్ల పనిని సులభముచేయు పనిముట్లలో ఆమె చేసినది ఆదిమములలో నొకటి. ఈ మాట విన్నప్పుడు మరదలు తొలిసారిగా తలయెత్తి చూచెను.

తిరుగలియు, పిండిమరయు

వెబ్బు సాఫ్టువేరనగా నేమని పిమ్మట అడిగితిమి. వెబ్బును 1989లో జెనీవా నగరము చెంత నున్న సెర్న్ అను పరిశోధనాలయములో టిమ్ బెర్నర్సు-లీ అను ఆంగ్లేయుడు ఊహించెను. 1993 ఏప్రిల్ 30న ఆ సంస్థ దానిని రుసుము లేకుండ లోకమంతటికి ఇచ్చివేసెను. అట్లీయకున్నచో నేడు మన పిల్లల పరీక్షాఫలితములు మొదలు గ్యాసుబండ బుకింగు వరకు ఇంత తేలికగా నడచెడివి కావని మా తమ్ముడు చెప్పెను.

పూర్వము సాఫ్టువేరును డిస్కులలో కొని, ఎవరి యంత్రములో వారు ఎక్కించుకొనెడివారు. అది యింట తిరుగలి యున్నట్లు. రాయి అరిగినచో కొట్టించుకొనుట మన పనియే. వెబ్బు సాఫ్టువేరు ఊరిలోని పిండిమరవంటిది. యంత్రము వారిచోట నుండును. మనము గింజలు తీసికొనిపోయి పిండి తెచ్చుకొందుము. 1995లో పాల్ గ్రాహము, రాబర్టు మోరిసు అను నిద్దరు స్నేహితులు అమెరికాలో వయావెబ్ అను సంస్థను పెట్టిరి. వర్తకులు తమ దుకాణమును వెబ్బుమీద తామే కట్టుకొను సాధనము వారు చేసినది. వర్తకుని యంత్రములో నేమియు ఎక్కింపనక్కరలేదు. తప్పు దొరికినచో ఒక్కచోట దిద్దిన చాలును, అందరికిని దిద్దుబాటగును. 1998లో యాహూ కంపెనీ ఆ సంస్థను సుమారు 4 కోట్ల 90 లక్షల డాలర్ల విలువకు కొనెను. నేడు మనము నెలసరి చందా కట్టి వాడు అనేక సాధనములు ఆ మార్గముననే నడచుచున్నవి.

మేము వెంటనే అడిగితిమి: "మరవాడు మర మూసివేసినచో?" వాడు మెచ్చుకొని, అదియే అసలైన ప్రశ్న యనెను. వార్తలును వ్యాసములును ఒక్కచోట చదువుకొనుటకు గూగుల్ రీడరు అను సాధనము నెందరో వాడుచుండగా, 2013 జూలై 1న ఆ కంపెనీ దానిని మూసివేసెను. ముందుగా చెప్పి, ఎవరి పట్టిక వారు తీసికొనుటకు గడువిచ్చిరి గనుక కొంత నయము. ఇంటి జమాఖర్చులు గాని, పిల్లల ఫోటోలు గాని ఇట్టి సాధనములలో దాచుకొను సోదరీమణులు ఒక్క సంగతి చూచుకొనవలెను: మన వస్తువును మనము ఎప్పుడు కోరినను వెనుకకు తెచ్చుకొనగలమా? తెచ్చుకొనలేనిచో, ఎంత అందముగా నున్నను అది పరుల పెట్టెలో మన నగ.

తాళపత్రములును, గిట్టును

రెండవనాడు పనిముట్ల సంగతి వచ్చినది. మా తమ్ముని కోరికయు ప్రోగ్రామర్లకొరకు పనిముట్టు చేయవలెననియే.

పదిమంది కలసి యొక ప్రోగ్రాము వ్రాయునప్పుడు ఎవరేమి మార్చిరో, ఎందుకు మార్చిరో తెలియకున్నచో అంతయు గందరగోళమగును. ఇది మాకు సులభముగా బోధపడినది. ప్రాచీనకావ్యములను లేఖకులు ఆకులమీద తిరిగి తిరిగి వ్రాయుటచే పాఠాంతరములు పెరిగినవి. బ్రౌనుదొర పండితులను చేర్చి ప్రతులను ప్రక్కప్రక్కన బెట్టి పోల్చి చూపించెను. ఏ లేఖకుడును తాను మార్చినది ఇదియని తేదీ వేసి చెప్పలేదు గనుకనే ఆ శ్రమ. ప్రోగ్రాములకు అట్టి తేదీపట్టిక నుంచు సాధనములలో నేడు మిక్కిలి వాడుకలో నున్నది గిట్ అనునది. లినస్ టోర్వాల్డ్సు అను ఫిన్లాండు దేశీయుడు 1991లో లినక్సు అను మూలసాఫ్టువేరును ఆరంభించి లోకమునకు ఉచితముగా నిచ్చెను. దానిని కూర్చుటకు వాడుచుండిన పరాయిసాధనము ఉచితముగా దొరకకపోగా, 2005 ఏప్రిల్ నెలలో తానే గిట్‌ను వ్రాయ నారంభించి, కొన్ని దినములలోనే వాడుకకు తెచ్చెను. ఆ సంవత్సరమే దాని పోషణను జూనియో హమానో అను జపానీయుని కప్పగించెను. గిట్‌మీద నాధారపడి 2008లో గిట్‌హబ్ అను సంస్థ వెలసెను. 2018లో మైక్రోసాఫ్టు దానిని 750 కోట్ల డాలర్లకు కొనెను.

మావారు లెక్కలు చెప్పువారు గనుక ఆ మొత్తమును విని కొంతసేపు మాటాడలేదు. మేము మాత్రము వేరొకటి అడిగితిమి: "గిట్‌ను చేసినవాడు ఊరక ఇచ్చెను, దానిమీద కట్టినవారు ధనికులైరి. మరి ఊరక ఇచ్చినవానిని చూచువారెవరు?"

వాడు దీనికి వెంటనే జవాబు చెప్పలేదు. టోర్వాల్డ్సువంటి ప్రసిద్ధులకు జీతమిచ్చువారు కలరు. కాని లోకములోని సాఫ్టువేరంతయు వేలకొలది చిన్నచిన్న తునుకలమీద నిలిచియున్నది. వానిలో పెక్కింటిని ఎవరో ఒక్కరు రాత్రివేళ, ఉద్యోగమునుండి వచ్చిన పిమ్మట, జీతము లేకుండ దిద్దుచుందురు. 2016 మార్చిలో ఒక ప్రోగ్రామరు, తన సాధనము పేరును గూర్చిన తగవులో మనసు విరిగి, తాను ఉచితముగా నుంచిన తునుకల నన్నిటిని తీసివేసెను. అందులో లెఫ్ట్-ప్యాడ్ అను నొకటి కేవలము పదకొండు వరుసలది. అక్షరములకు ఎడమవైపు ఖాళీలు చేర్చి వరుస సరిచేయుటయే దాని పని. అది లేకపోవుటచే ఎన్నియో పెద్దపెద్ద ప్రోగ్రాములు కూర్చుటకు వీలుపడక నిలిచిపోయినవి. కొన్ని గంటలలో దానిని తిరిగి యథాస్థానమున నుంచవలసి వచ్చెను.

ఇంకను భయంకరమైన దొకటి 2024లో జరిగెను. ఎక్స్‌జెడ్ అను సాధనము ఫైళ్లను కుదించుటకు వాడునది. దానిని ఏండ్లతరబడి ఒక్కడే పోషించుచుండెను. అతడు అలసియున్న కాలము చూచి, సహాయము చేసెదనని యొక అపరిచితుడు దరిచేరెను. వేరు పేర్లతో కొందరు, పని నెమ్మదిగా సాగుచున్నదని మొదటివానిని నిష్ఠూరములాడిరి. రెండేండ్లకు పైగా మంచిపని చేసి నమ్మకము సంపాదించి, ఆ అపరిచితుడు ఇతరుల యంత్రములలోనికి దొంగద్వారము నొకటి రహస్యముగా చేర్చెను. ఆండ్రెస్ ఫ్రోయిండు అను ప్రోగ్రామరు, యంత్రములోనికి ప్రవేశించుటకు అరసెకను అధికముగా పట్టుచున్నదేమని వెదకి, 2024 మార్చి 29న ఆ గుట్టు బయటపెట్టెను. ఆ అరసెకనును ఉపేక్షించి యున్నచో ఆ దొంగద్వారము లోకమంతట వ్యాపించి యుండెడిది.

ఈ కథ వినునప్పుడు మాకు మన యిండ్లు జ్ఞప్తికి వచ్చినవి. తెల్లవారుజామున పాలు తోడుపెట్టినదెవరు, బిందె నింపినదెవరు, మందు అయిపోవుచున్నదని గుర్తించినదెవరు అని ఎవరును అడుగరు. పని ఆగిననాడే పనిచేయు మనిషి కనబడును. నన్నయభట్టు విడిచిన అరణ్యపర్వశేషమును పూరించిన ఎఱ్ఱన, ఆ భాగమును రాజరాజనరేంద్రుని పేరనే అంకితము చేసెను. తన పేరు ముందు నిలుపుకొనలేదు. అట్టివారు గొప్పవారే. కాని ఎఱ్ఱనకు ఆదరించు ప్రభువు కలడు. ఈ పోషకులకును కూడు, విశ్రాంతి, తోడు కావలెను గదా. "నీవు వ్యాపారము పెట్టినచో, ఊరక తెచ్చుకొన్న తునుకల యజమానులకు నీ లాభములో కొంత ఇత్తువా?" అని అడిగితిమి. ఇచ్చెదనని వాడు మాట యిచ్చెను.

ఎవరడిగిరి?

మూడవనాడు అసలు సంగతికి వచ్చితిమి. స్టార్టప్పుల తలంపులు ఎట్లు పుట్టును? వాడు చెప్పిన ఉదాహరణములలో రెండు మాకు నచ్చినవి. స్టివార్టు బటర్‌ఫీల్డు అనువాడు తన మిత్రులతో గ్లిచ్ అను ఆటను చేసెను. అది సాగక 2012లో మూతబడెను. కాని ఆట చేయు కాలమున వేర్వేరు ఊళ్లలోని పనివారు తమలో తాము మాటాడుకొనుటకు చేసికొన్న సాధనము చేతిలో మిగిలెను. దానినే స్లాక్ అను పేర 2013లో ప్రకటించిరి. 2021లో సేల్సుఫోర్సు అను కంపెనీ దానిని సుమారు 2,770 కోట్ల డాలర్లకు కొనెను. రెండవది మన దేశపుది. అభినవ్ ఆస్థానా అను యువకుడు, సాఫ్టువేర్లు ఒకదానితో నొకటి సరిగా మాటాడుచున్నవా యని పరీక్షించుటకు తనకొరకు 2012లో పోస్టుమ్యాన్ అను చిన్న పనిముట్టు చేసికొనెను. ఇతరులు వాడసాగిరి, పెక్కురు అడిగిన పిమ్మటనే 2014లో బెంగుళూరున కంపెనీ పెట్టిరి. రెంటియందును అవసరము ముందు, వ్యాపారము వెనుక.

"నీవు చేయదలచిన పనిముట్టును ఎవరడిగిరి?" అని మావారు మెల్లగా అడిగిరి. ప్రోగ్రాములలోని తప్పులను ముందుగా పట్టియిచ్చు సాధనమట అది. అట్టివి ఇదివరకే అనేకములు కలవని వాడే యొప్పుకొనెను. తన స్నేహితులిద్దరు బాగున్నదనిరట. సొమ్ము చెల్లించెదమని ఎవరును అనలేదు. "ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగము" అని లోపలినుండి అమ్మ అనెను. వాడును నవ్వెను, మేమును నవ్వితిమి.

పైగా కాలము మారినదని వాడే చెప్పెను. 2021లో గిట్‌హబ్ కోపైలట్, 2022 నవంబరులో చాట్‌జీపీటీ వచ్చినది మొదలు, ఇట్లు కావలెనని మాటలతో చెప్పిన ప్రోగ్రామును యంత్రమే వ్రాసి యిచ్చుచున్నది. నెలలు పట్టిన పని దినములలో నగుచున్నది. "చేయుట సులభమైనకొలది, ఏమి చేయవలెనో ఎరుగుటయు, చేసినదానిని ఏండ్ల తరబడి కాచుటయు కష్టమైనవి" అని వాని యభిప్రాయము. ఇది మాకును సత్యముగా తోచినది. బిందెలు కొనుట సులభము. దినదినము తోముటయే పని.

వంటయింటి మాట

ఆ సాయంకాలము మరదలితో వంటయింట నొంటరిగా కూర్చుంటిమి. "నీకు బంగారము పోవునని భయమా?" అని అడిగితిమి. ఆమె యన్నమాట మాకు నేటికిని చెవులలో నున్నది. "వదినా, గాజులు పోయినను చేతులుండును. నాలుగేండ్ల క్రిందట ఇట్లే ఒక సాధనము చేసిరి. దానికెంత ఖర్చయినదో, ఎందుకు మూసివేసిరో నాకు నేటివరకు తెలియదు. నా భయము నష్టమునకు గాదు; నాకు చెప్పకుండుటకు."

ఆమె బి.కాం. చదివినది, లెక్కలు వ్రాయుట నేర్చినది. ఆ రాత్రి అందరము కూర్చుండగా ఆమెయే నాలుగు మాటలు చెప్పెను. మేము ప్రక్కన కూర్చుండుట తప్ప చేసినది లేదు. ఒకటి: సొమ్ము చెల్లించెదమను వారు పదిమంది దొరకువరకు ఉద్యోగము మానరాదు. రెండు: ఇంటిఖర్చు పండ్రెండు నెలలకు విడిగా నుంచిన పిమ్మటనే మిగిలినది వ్యాపారమునకు. మూడు: బంగారమును తాకట్టు పెట్టరాదు, అప్పుపత్రములమీద తాను చదువనిది సంతకము చేయదు. నాలుగు: జమాఖర్చుల పుస్తకము తన చేతిలో నుండవలెను, ప్రతినెల మొదటి ఆదివారము ఇద్దరును కూర్చుండి చూడవలెను. ఎంత నష్టమైనప్పుడు ఆపవలెనో ఆ అంకెను ఇప్పుడే పుస్తకపు మొదటి పుటలో వ్రాయవలెను.

మా తమ్ముడు చాలసేపు మాటాడలేదు. పిమ్మట పుస్తకము తెమ్మనెను. అంకెను ఆమెయే వ్రాసినది.

ఊరికి వెళ్లుటకు ముందు మరియొకటి జరిగెను. మావారు ప్రతినెల బడిపిల్లల మార్కులను మూడు పట్టికలలో మూడు విధములుగా ఎక్కించుచు ఆదివారమంతయు గడపుట వాడు కనుమనాడు చూచెను. రెండు రాత్రులు కూర్చుండి, ఒక్కసారి వ్రాసినచో మూడు పట్టికలును తామే తయారగు వెబ్బుపుట నొకదానిని చేసి యిచ్చెను. ఇప్పుడు ఆ బడిలో ఆరుగురు ఉపాధ్యాయులు దానిని వాడుచున్నారు. ప్రక్కయూరి బడివారును అడిగిరి. అది వ్యాపారమగునో, బావగారికి మరది చేసిన సహాయముగనే నిలుచునో చూడవలెను. వాడు ఉద్యోగమును మానలేదు. మరదలు నెలనెల లెక్కలను మాకును ఫోనులో చదివి వినిపించుచున్నది. ఫిబ్రవరినెల ఖర్చు పదునాలుగు వందల రూపాయలు, రాబడి సున్న.

సోదరీమణులారా! గెలిచిన సంస్థల కథలే మన చెవిని బడును. మూతబడినవాని కథలు వ్రాయువారు లేరు. కావున సాహసించు పిల్లలను అడ్డగించుమని గాని, కన్నులు మూసికొని గొలుసు తీసియిమ్మని గాని మేము చెప్పము. మీయందెవరికైన స్వయముగా అట్టి తలంపున్నచో, హైదరాబాదులో స్త్రీల వ్యాపారములకు తోడుపడుటకే తెలంగాణ ప్రభుత్వము 2018 మార్చి 8న వీ హబ్ అను సంస్థను నెలకొల్పినదని తెలిసికొనుడు. ఇంటిలో నెవరైన అట్టి మాట యెత్తినచో ఎదుట కూర్చుండి అడుగుడు: ఎవరికి కావలెను? ఎన్ని నెలలకు గ్రాస మున్నది? ఎవరి సంతకము? ఎక్కడ ఆపుదుము? ఇవి యడుగుటకు యంత్రవిద్య రానక్కరలేదు. పుస్తకము మీ చేత నున్న చాలును.